తాత చెయ్యి వణుకు, మనవడి మాట: ఒంగోలులో ఒక ఫ్రాజైల్ ఎక్స్ కేసు

టీ గ్లాసు బల్ల మీద నుంచి తీసుకునేటప్పుడు పెద్దాయన చెయ్యి బాగానే ఉంది. నోటి దగ్గరికి వచ్చేసరికి వణుకు మొదలైంది. పెదవికి జానెడు దూరంలో గ్లాసు అటూ ఇటూ కొట్టుకుని సగం టీ పంచె మీద ఒలికింది. పక్కనున్న భార్య ఒక్క మాటా అనకుండా కొంగుతో తుడిచి, గ్లాసు తను పట్టుకుని తాగించింది. రోజూ చేసే పనిలాగే ఉంది ఆమె తీరు. వాళ్లు వచ్చింది ఆరేళ్ల మనవణ్ణి చూపించడానికి. రెండున్నరేళ్లుగా నా దగ్గర తేలకుండా ఉన్న ఆ పిల్లవాడి కేసుకు దారి దొరికింది మాత్రం ఆ గ్లాసు దగ్గర.

నేను ఒంగోలులో పిల్లల డాక్టర్ని. ఫ్రాజైల్ ఎక్స్ అంటే ఎక్స్ క్రోమోజోమ్ మీది ఒక జన్యువు మూతపడి, పిల్లల మాట, ఎదుగుదల వెనకబడే వంశపారంపర్య జబ్బు. ఈ కేసు రాయడానికి కుటుంబం ఒప్పుకుంది. వాళ్లను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

మొదటిసారి

బాబును మొదట తీసుకొచ్చినప్పుడు మూడున్నరేళ్లు. టంగుటూరు వైపు పల్లె, పొగాకు వేసే కుటుంబం. నెలలు నిండి పుట్టాడు, పుట్టగానే ఏడ్చాడు, బరువు 2.9 కిలోలు. తొమ్మిదో నెలలో కూర్చున్నాడు, పందొమ్మిదో నెలకు గానీ నడవలేదు. 'అమ్మ', 'తాత' తప్ప మాటల్లేవు. చెవిలో చీము నాలుగుసార్లు వచ్చింది. సంతోషం వస్తే రెండు చేతులూ పక్షి రెక్కల్లా ఆడిస్తాడు. కుక్కర్ కూత వినపడితే చెవులు మూసుకుని మంచం కిందికి దూరిపోతాడు. మన కళ్లలోకి చూడడు. అలాగని మనుషులంటే ఇష్టం లేని పిల్లవాడు కాదు. నా కుర్చీ వెనక్కి వచ్చి నిలబడి, నేను చూడనప్పుడు నా భుజం తాకి వెళ్లేవాడు. ఆ ఒక్క గుర్తునైనా నేను అప్పుడే పట్టుకుని ఉండాల్సింది.

తల్లికి ఇరవై ఆరేళ్లు. తండ్రి ఆమెకు సొంత మేనమామ.

థైరాయిడ్ చూశాను, వినికిడి పరీక్ష చేయించాను, క్రోమోజోముల పరీక్షకు రక్తం పంపాను. కారియోటైప్ అనే ఆ పరీక్ష రిపోర్టు 46, ఎక్స్‌వై, నార్మల్ అని వచ్చింది. ఎదుగుదలలో ఆలస్యం, ఆటిజం లక్షణాలు అని రాసి స్పీచ్ థెరపీకి పంపాను. ఫైలులో కారణం దగ్గర ఒక్క మాట రాశాను: మేనరికం.

ఈ కేసులో నేను చేసిన తప్పు ఆ మాటే. మేనరికాల వల్ల కొన్ని జబ్బులు పెరిగే మాట నిజం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ఒకే జన్యువుకు దెబ్బతిన్న ప్రతులు రెండు కలిస్తేనే బయటపడే జబ్బులు దగ్గరి సంబంధాల్లో ఎక్కువ కనిపిస్తాయి. కానీ మా ప్రాంతంలో ఎవరింట చూసినా ఏదో ఒక తరంలో మేనరికం ఉంటుంది. ఏ పిల్లవాడికైనా సరిపోయే కారణం ఏ పిల్లవాడి గురించీ ఏమీ చెప్పదు. అది రాసుకున్నాక నేను ఇంకేమీ అడగలేదు.

వంశవృక్షం

రెండున్నరేళ్ల తరువాత బడిలో చేర్చే విషయమై మళ్లీ వచ్చారు. ఈసారి అమ్మమ్మ, తాత కూడా వచ్చారు. టీ ఒలికింది ఆ రోజే. పార్కిన్సన్స్ జబ్బులో చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణుకుతుంది, పని మొదలుపెడితే కొంత తగ్గుతుంది. ఈయనకు దానికి సరిగ్గా తిరగబడి ఉంది. లేచి నడవమన్నాను. కాళ్లు ఎడంగా వేసి, గోడ ఆనుకుంటూ నడిచాడు.

"ఎన్నాళ్ల నుంచి పెద్దాయనా?"

"నాలుగైదేళ్లమ్మా. ముందు సంతకం వంకరపోయింది. తరువాత పొగాకు కర్రలకు అల్లేటప్పుడు దారం చేతికి నిలిచేది కాదు. వయసు అన్నారు, బిళ్లలిచ్చారు."

తెల్లకాగితం తీసి చతురస్రాలు, వృత్తాలు గీయడం మొదలుపెట్టాను. ఆయనకు ముగ్గురూ కూతుళ్లే. పెద్దామెకు ముప్పై నాలుగో ఏట నెలసరి ఆగిపోయింది. 'ఒంట్లో వేడి' అన్నవాళ్లున్నారు, థైరాయిడ్ మందులు వాడింది, రెండో బిడ్డ కోసం చాలా తిరిగింది. రెండో కూతురు మా బాబు తల్లి. మూడో అమ్మాయికి పెళ్లయి ఏడాది.

తాతకు వణుకు, తూలు. పెద్ద కూతురికి నెలసరి ముందే ఆగిపోవడం. రెండో కూతురి కొడుక్కి మాట రాకపోవడం. విడివిడిగా ఈ మూడూ మూడు వేర్వేరు డాక్టర్ల గదుల్లోకి పోతాయి. ఒకే కాగితం మీద కలిపి గీస్తే అవి చూపించే చోటు ఒక్కటే, ఎక్స్ క్రోమోజోమ్ పొడుగు చేయి చివర ఎక్స్‌క్యూ27.3 అనే స్థానం. అక్కడ ఉండే జన్యువు పేరు ఎఫ్‌ఎంఆర్1. ఫ్రాజైల్ ఎక్స్‌కు మూలం అదే.

ఈసారి రక్తం కారియోటైప్‌కు కాకుండా, ఆ జన్యువు ఒక్కదాని పొడవు కొలిచే పీసీఆర్ పరీక్షకు పంపాను. దాంతోపాటు మిథైలేషన్, అంటే జన్యువును మూసే రసాయన గుర్తులు, ఉందేమో కూడా చూడమన్నాను.

మొదటి రిపోర్టు ఎందుకు నార్మల్ వచ్చింది

తల్లి అడిగిన మొదటి ప్రశ్న ఇదే. అడగాల్సిన ప్రశ్నే.

ఎఫ్‌ఎంఆర్1 జన్యువు మొదట్లో, ప్రొటీన్‌కు సంబంధించిన రాత మొదలవకముందే, డీఎన్‌ఏ రాతలో సీజీజీ అనే మూడక్షరాలు వరుసగా మళ్లీ మళ్లీ వస్తాయి. ఎక్కువమందిలో ఈ వరుస 30 సార్ల దగ్గర ఉంటుంది. 44 దాకా మామూలే. 55 నుంచి 200 దాకా ఉంటే దాన్ని ప్రీమ్యుటేషన్ అంటాం. 200 దాటితే పూర్తి మ్యుటేషన్. 200 సార్లంటే 600 అక్షరాలు. ఎక్స్ క్రోమోజోమ్ మొత్తం పొడవు పదిహేను కోట్ల అక్షరాల పైమాటే. కారియోటైప్‌లో మైక్రోస్కోపు కింద మార్పు కనపడాలంటే అది సుమారు 50 లక్షల అక్షరాలైనా ఉండాలి. కాబట్టి ల్యాబ్ చేసింది తప్పు కాదు. ఊరి మ్యాపు తెప్పించుకుని అందులో ఒక ఇంటి తలుపు గడియ వెతకబోయింది నేను.

జబ్బుకు ఫ్రాజైల్ ఎక్స్, అంటే పెళుసు ఎక్స్, అనే పేరు వచ్చింది మాత్రం మైక్రోస్కోపులో కనపడిన దృశ్యం వల్లే. 1969లో హెర్బర్ట్ లబ్స్ అనే జన్యు పరిశోధకుడు ఒక కుటుంబంలోని మగవాళ్ల ఎక్స్ క్రోమోజోమ్ చివర తెగిపోతున్నట్టు కనిపించే సన్నని చోటును చూశాడు. ఆ తరువాత ఇతర ల్యాబ్‌లు వెతికితే కొందరికి కనపడింది, కొందరికి కనపడలేదు. గుట్టు 1977లో ఆస్ట్రేలియాలో గ్రాంట్ సదర్లాండ్ విప్పాడు. కణాలను పెంచే ద్రవంలో ఫోలిక్ ఆసిడ్ తక్కువగా ఉంటేనే ఆ చోటు బయటపడుతుంది. పోషకాలు దండిగా ఉన్న ద్రవంలో కణం ఎలాగోలా ఆ భాగాన్ని కాపీ చేసి ముగిస్తుంది. ఫోలిక్ ఆసిడ్ కరువైతే డీఎన్‌ఏ కట్టే సరుకు చాలదు, కాపీ వెనకబడుతుంది. కణం విడిపోయే వేళకు ఆ ఒక్క చోట క్రోమోజోమ్ గట్టిగా చుట్టుకోకుండా పలచగా మిగిలిపోతుంది.

బాబు తండ్రి ఈ సంగతి విని, "అయితే ఫోలిక్ ఆసిడ్ బిళ్లలిస్తే సరిపోదా మేడం?" అన్నాడు. 1980లలో చాలామంది డాక్టర్లు అదే ఆశతో ఇచ్చి చూశారు. పిల్లల్లో చెప్పుకోదగ్గ మేలు కనపడలేదు. ల్యాబ్ గిన్నెలో క్రోమోజోమ్ కనిపించే తీరు వేరు, మెదడులో జన్యువు మూతపడటం వేరు.

రాత చెడలేదు

రిపోర్టులు వచ్చాయి. తాతకు 88. పెద్ద కూతురికి 85, బాబు తల్లికి 96, చిన్నమ్మాయికి 82. బాబుకు 200 పైనే, మిథైలేషన్ పూర్తిగా ఉంది.

ఈ జబ్బులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసే విషయం ఒకటుంది. బాబు ఎఫ్‌ఎంఆర్1 జన్యువులో ప్రొటీన్ తయారీకి కావలసిన రాత ఒక్క అక్షరం కూడా చెడలేదు. ప్రొటీన్ మాత్రం తయారు కావడం లేదు. ఎందుకో చెప్పడానికి క్రోమోజోమ్ ఎలా చుట్టి ఉంటుందో చెప్పక తప్పదు.

ఒక్కో కణంలో డీఎన్‌ఏ పోగులన్నీ కలిపి సాగదీస్తే రెండు మీటర్లుంటుంది. అదంతా మిల్లీమీటరులో వందో వంతు కూడా లేని కేంద్రకంలో సర్దుకోవాలి. అందుకని ప్రతి 147 అక్షరాల డీఎన్‌ఏ హిస్టోన్లనే ప్రొటీన్ల ఉండ చుట్టూ చుట్టుకుంటుంది. అలాంటి చుట్లు మళ్లీ మెలికలు పడి వలయాలవుతాయి. ఎక్కడ చుట్టు వదులుగా ఉంటే అక్కడి జన్యువును యంత్రాంగం చదువుతుంది. ఎక్కడ బిగిస్తే అక్కడిది చదవలేదు. మెదడు కణానికీ కాలేయ కణానికీ రాత ఒక్కటే అయినా, ఏది వదులు, ఏది బిగువు అన్న దగ్గరే తేడా.

సీజీజీ వరుస 200 దాటిన జన్యువును కణం మూసేస్తుంది. జన్యువు ముఖద్వారం దగ్గర మిథైల్ గుంపులు అతుక్కుంటాయి. హిస్టోన్ల మీద 'ఇక్కడ తెరిచి ఉంది' అని చెప్పే ఎసిటైల్ గుర్తులు పోతాయి. హెచ్3 అనే హిస్టోన్‌లో 9వ స్థానంలోని లైసీన్ అనే అమైనో ఆమ్లం మీద 'మూసి ఉంది' అనే గుర్తు పడుతుంది. 2018లో వచ్చిన పరిశోధన మరో సంగతి చూపించింది. ఎఫ్‌ఎంఆర్1 ఉండేది క్రోమోజోమ్ వలయాల మధ్య సరిహద్దు దగ్గర. పూర్తి మ్యుటేషన్ ఉన్నవాళ్ల కణాల్లో ఆ సరిహద్దు చెదిరిపోతుంది. అంటే మూడక్షరాల వరుస పొడవు పెరగడం వల్ల ఒక తలుపు మూసుకోవడమే కాదు, ఆ పరిసరాల గోడలు కూడా కదిలిపోతున్నాయి.

అలా మూతపడ్డ జన్యువు ఇవ్వాల్సిన ప్రొటీన్ ఎఫ్‌ఎంఆర్‌పీ. మెదడు కణాల మధ్య అతుకుల దగ్గర ఏ ప్రొటీన్ ఎప్పుడు, ఎంత తయారు కావాలో అదుపు చేసేది ఇదే. అది లేకపోతే తయారీకి కళ్లెం ఉండదు. కుక్కర్ కూత బాబును ఎందుకంత బెదరగొడుతుందో, ఎదుటివాళ్ల చూపు వాడికి ఎందుకంత బరువో ఇక్కడి నుంచే అర్థం చేసుకోవాలి.

తాతది దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. ఆయన 88 వరుసతో జన్యువు మూతపడలేదు. పైగా మామూలు కన్నా ఎక్కువగా పనిచేస్తోంది. ప్రీమ్యుటేషన్ ఉన్నవాళ్లలో ఆ జన్యువు నుంచి తయారయ్యే నకలు, అంటే ఆర్‌ఎన్‌ఏ, మామూలు కంటే రెండు నుంచి ఎనిమిది రెట్లు ఉంటుంది. పొడుగాటి సీజీజీ వరుసతో ఉన్న ఆ ఆర్‌ఎన్‌ఏ మెదడు కణాల్లో పేరుకుని, వేరే పనులు చేయాల్సిన ప్రొటీన్లను తనతో బంధిస్తుంది. యాభై దాటాక కొందరిలో వణుకు, తూలు మొదలవుతాయి. దీన్ని వైద్యులు గుర్తించి రాసింది 2001లోనే. దీని పేరు ఎఫ్ఎక్స్‌టాస్. ఆయనకు ఎంఆర్ఐ తీయిస్తే చిన్నమెదడుకు వెళ్లే మధ్య కాడల్లో, ఈ జబ్బులో కనపడే తెల్లని మచ్చలు రెండు వైపులా ఉన్నాయి.

పెద్ద కూతురి నెలసరి ఆగిపోవడం కూడా ప్రీమ్యుటేషన్ పనే. ఇది ఉన్న ఆడవాళ్లలో ఐదుగురిలో ఒకరికి నలభై లోపే అండాశయాలు ఆగిపోతాయి. వరుస 80 నుంచి 100 మధ్య ఉన్నవాళ్లకు ఆ ప్రమాదం మరీ ఎక్కువ. ఆమెను గైనకాలజిస్టు దగ్గరికి పంపాను. ఎముకలు, గుండె కాపాడుకోవడానికి హార్మోన్లు మొదలుపెట్టారు. మూడేళ్లు ఆలస్యంగా.

దండలో కనకాంబరాలు

ఇక తాత 88 కూతురి దగ్గర 96 అయి, మనవడి దగ్గర 200 ఎలా దాటింది?

మల్లెపూల దండ పొడుగ్గా కడుతూ మధ్యమధ్య నాలుగు కనకాంబరాలు వేస్తే దండ ఎక్కడిదక్కడ నిలుస్తుంది. మామూలు సీజీజీ వరుసలోనూ తొమ్మిదికో పదికో ఒకసారి ఏజీజీ అనే వేరే మూడక్షరాలు వస్తాయి. అవి వరుసను పట్టి ఉంచుతాయి. అవి పోయి ఒకే మూడక్షరాలు పొడుగ్గా సాగితే, కాపీ అయ్యే వేళ పోగు తన మీదికి తానే మడతపడుతుంది. మరమ్మతు చేసే యంత్రాంగం ఆ మడతను లెక్కలో కలిపేస్తుంది. వరుస పెరుగుతుంది. తండ్రి నుంచి కూతురికి వెళ్లేటప్పుడు పెద్దగా మారదు. తల్లి నుంచి బిడ్డకు వెళ్లేటప్పుడే ఒక్కసారిగా ఎగబాకుతుంది. తల్లి వరుస 90 దాటితే, ఆ ఎక్స్ అందుకున్న బిడ్డల్లో నూటికి తొంభైమందికి పైగా అది 200 దాటుతుంది.

1980ల మధ్యలో స్టెఫానీ షెర్మన్ అనే జన్యు పరిశోధకురాలు కుటుంబాల లెక్కలు చూసి, లక్షణాలు లేని మగవాడి కూతుళ్ల బిడ్డలకు జబ్బు ఎక్కువగా వస్తోందని, అదే మగవాడి అన్నదమ్ములకు తక్కువని గమనించింది. అప్పటికి అది అంతుపట్టని చిక్కు. 1991లో జన్యువు దొరికి, వరుస తరతరానికీ పెరుగుతోందని తెలిశాకే చిక్కు విడింది. మా ప్రకాశం జిల్లా కుటుంబం కాగితం మీద సరిగ్గా ఆ చిక్కులాగే ఉంది.

చెప్పడం

అందరినీ ఒకేసారి కూర్చోబెట్టాను. విడివిడిగా చెబితే ఇంటికి వెళ్లేలోపు మాట మారిపోతుంది.

ముందు అమ్మమ్మతో మాట్లాడాను. "నా తమ్ముడికే చెయ్యాలని పట్టుబట్టింది నేనే తల్లీ. బిడ్డకిట్టా అయిందని ఊరంతా అంటానే ఉన్నారు" అంది. ఆమె ఆరేళ్లుగా మోస్తున్న బరువు అది. కాగితం ఆమె ముందు పెట్టి వేలితో చూపించాను. మేనరికం ఆమె పుట్టింటి వైపుది. ఈ ఎక్స్ వచ్చింది ఆమె భర్త వైపు నుంచి. కూతుర్ని ముక్కూ మొహం తెలియనివాడికి ఇచ్చినా ఇదే జరిగేది. ఆమె కాగితాన్ని చాలాసేపు చూసింది. మూడేళ్ల కిందట ఫైలులో ఆ మాట రాసింది నేనేనని, అది తప్పని ఆమెతో చెప్పాను.

ఒకరి మీద నుంచి బరువు తీస్తే అది ఇంకొకరి మీద పడుతుంది. ఆ భయంతోనే పెద్దాయన వైపు తిరిగాను. ఆయనకు అర్థమయ్యేది పొగాకు. "ఆకు మేలురకమే. కానీ బేలు గట్టిగా కట్టేసి విప్పకుండా వేలం కేంద్రానికి పంపితే కొనేవాడు లోపల చూస్తాడా? మీ మనవడి దగ్గర ఉన్న జన్యువు అట్లాంటిది. ఆకు బాగుంది. కట్టు విప్పడం మనకు ఇంకా చేతకావడం లేదు."

ఆయన కాసేపు ఆగాడు. "ఆ తాడు నా దగ్గర్నుంచే పోయిందా అమ్మా?"

"అవును. మీకు మీ అమ్మగారి దగ్గర్నుంచి వచ్చింది. ఆమెకు ఎవరి దగ్గర్నుంచో. ఎవరూ తెలిసి ఇచ్చింది కాదు."

"మాయమ్మ పోయి నలభై ఏళ్లు" అని ఊరుకున్నాడు. ఆ జవాబు ఆయనకు ఎంతవరకు ఊరటనిచ్చిందో నేను చెప్పలేను.

ఇప్పుడు

బాబుకు చేస్తున్నవి చెబుతాను, ఎందుకంటే పేరు తెలిసినంత మాత్రాన జబ్బు పోదు గానీ చేసే పని మారుతుంది. 'కళ్లలోకి చూసి చెప్పు' అని ఒత్తిడి చేయడం ఆపించాను. ఎదురుగా కూర్చుని అడిగితే నోరు విప్పడు. పక్కన నడుస్తూ, లేదా ఇద్దరూ కలిసి చిక్కుడుకాయలు గిల్లుతూ అడిగితే చెబుతాడు. రోజు పనులు బొమ్మలుగా గోడకు అంటించమన్నాం. బొమ్మలో చూసింది మరిచిపోడు. చెవులు మూడు నెలలకోసారి చూస్తున్నాం, ఎందుకంటే ఈ పిల్లల్లో చెవి చీము మాటను ఇంకా వెనక్కి లాగుతుంది. గుండెకు ఎకో తీయించాం, బాగుంది. నిలకడ కోసం తక్కువ మోతాదు మందు నడుస్తోంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే మండల భవిత కేంద్రానికి వారానికి మూడు రోజులు వెళ్తున్నాడు, వైకల్యానికి ఇచ్చే సదరం సర్టిఫికెట్ వచ్చింది. ఇప్పుడు మూడు మాటల వాక్యాలు వస్తున్నాయి. పెద్దాయనకు బరువైన స్టీలు గ్లాసు ఇచ్చి, సగానికే పొయ్యమన్నాం. ఒలకడం తగ్గింది. పోయినసారి వచ్చినప్పుడు బాబు ఆయన పక్కన, మొహం గోడ వైపు పెట్టి నిలబడి, అచ్చం అమ్మమ్మ గొంతుతో "మెల్లిగా తాగయ్యా" అన్నాడు.

పెద్ద కూతురికి పద్నాలుగేళ్ల అమ్మాయి ఉంది, చదువులో బాగానే ఉంది. ఆమెకు పరీక్ష చేయాలా అని అడిగారు. ఇప్పుడు వద్దన్నాను. లక్షణాలు లేని పిల్ల గురించి ఆ నిర్ణయం పెద్దయ్యాక తనే తీసుకోవాలి. పెళ్లి మాటలు మొదలయ్యేలోపు తనకు అన్నీ విడమరిచి చెప్పే బాధ్యత తల్లిది, నాది.

చిన్నమ్మాయి పోయిన నెల భర్తతో వచ్చింది. ఎనిమిదో వారం. ఆమెకున్న రెండు ఎక్స్‌లలో ఏది బిడ్డకు వెళ్లిందో సగం సగం అవకాశం. 82 వరుసున్నది వెళ్తే, అది 200 దాటే అవకాశం సగానికి మించే ఉంటుంది. పదకొండో వారంలో మాయ నుంచి ముక్క తీసి పరీక్షించవచ్చని చెప్పాను. ఆ వయసు పిండంలో మిథైలేషన్ ఇంకా కుదురుకోదు, అందుకని వరుస పొడవునే నమ్మాలని, ఆడా మగా అన్నది చట్టప్రకారం ఎవరూ చెప్పరని, అడగకూడదని కూడా చెప్పాను. ఆడపిల్లకు పూర్తి మ్యుటేషన్ వచ్చినా ఒక్కో కణంలో ఒక్కో ఎక్స్ మూతపడుతుంది కనుక, మంచి ఎక్స్ తెరిచి ఉన్న కణాలు ఎన్ని అన్నదాన్ని బట్టి జబ్బు తీవ్రత మారుతుందని వివరించాను. ఆమె భర్త రెండు ప్రశ్నలడిగి రాసుకున్నాడు. ఆమె ఒక్కటే అడిగింది, నాన్నకు ఈ విషయం చెప్పాలా అని. ఎప్పుడు చెప్పాలో మీరే నిర్ణయించుకోండి అన్నాను.

చెన్నైలో పరీక్ష అయింది. రిపోర్టుకు మూడు వారాలు పడుతుందన్నారు. ఇది రాసే రోజుకు ఇంకా రాలేదు.